కౌన్సిలరు లేని ఊరు

ఈమధ్య రాజమండ్రి నుంచి మా బావగారు వచ్చి నాలుగు రోజులు ఉన్నారు. ఒకరోజు పొద్దున నడకకి వెళ్తూ "ఇంతకీ మీ వార్డు కౌన్సిలరెవరోయ్?" అని అడిగారు. లేడండీ అన్నాను. "లేకపోవడమేమిటి, పోయాడా?" అన్నారు. కాదు బావగారూ, అసలు ఈ ఊరికి మునిసిపాలిటీయే లేదు, ఎన్నడూ లేదు అంటే ఆయన నేనేదో హాస్యమాడుతున్నాననుకున్నారు. 2011 జనాభా లెక్కల్లోనే 6 లక్షల 37 వేల మంది ఉన్న నగరం ఇది. అంతకంటే చాలా చిన్న ఊళ్ళకి మన వైపు మునిసిపాలిటీలు ఉన్నాయి.

నోయిడా అనేది నిజానికి ఊరి పేరు కాదు, ఒక ఆఫీసు పేరు. న్యూ ఓఖ్లా ఇండస్ట్రియల్ డెవలప్‌మెంట్ అథారిటీ అనే పేరులోని పొడి అక్షరాలు. 1976 ఏప్రిల్ 17న, ఎమర్జెన్సీ రోజుల్లో పుట్టింది. ముందు ఆఫీసు, తరవాత ఊరు! 1993 జూన్ 1న 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చి పట్టణాలకి ఎన్నికైన పాలకవర్గాలు ఉండి తీరాలంది. అయితే అందులోనే ఒక కిటికీ తెరిచి ఉంచారు. పారిశ్రామిక టౌన్‌షిప్ అని గవర్నరు ప్రకటించిన చోట మునిసిపాలిటీ పెట్టనక్కరలేదు. నోయిడాని 2001 డిసెంబరు 24న ఆ కిటికీలోంచి బయటకి పంపేశారు. తమాషా ఏమిటంటే, ఆదాయపు పన్ను మినహాయింపు దగ్గరికి వచ్చేసరికి ఈ అథారిటీ తనూ స్థానిక సంస్థనే అని వాదించింది. మునిసిపాలిటీకి దొరికే మినహాయింపు నీకు రాదని 2018 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది.

"అయితే నీకు పోయిందేమిటి? రోడ్లు మా ఊరి కంటే వెడల్పుగానే ఉన్నాయిగా" అన్నారు బావగారు. నిజమే, ఉన్నాయి. ఏం పోయిందో చెప్పాలంటే, పాతకాలపు మునిసిపల్ కౌన్సిళ్ళు రోజూ ఏం చేసేవో చూడాలి.

తెలుగు ప్రాంతంలో భీమునిపట్నానికి 1861లోనే మునిసిపాలిటీ వచ్చింది. 1865లో మద్రాసు ప్రభుత్వం పట్టణాల అభివృద్ధి చట్టం చేసింది. రాజమండ్రి, గుంటూరు లాంటి ఊళ్ళకి మునిసిపాలిటీలు దాని కిందే ఏర్పడ్డాయి. అది ప్రజల మీద ప్రేమతో చేసిన పని అనుకోకండి. 1857 తరవాత సర్కారు ఖజానా ఖాళీగా ఉంది. పట్టణ పోలీసుల ఖర్చులో పెద్ద వాటా ఆ ఊరివాళ్ళ నెత్తిన వెయ్యడం ఆ చట్టం ఉద్దేశాల్లో ఒకటి. దానికోసం ఇంటిపన్ను, వృత్తిపన్ను, బండ్ల మీద, పశువుల మీద పన్ను, టోల్ గేట్లు. కమిషనర్లని సర్కారే వేసేది. పెత్తనం కలెక్టరు దొరదే.

1871 చట్టంతో విద్య, ఆస్పత్రులు, టీకాలు, జనన మరణాల నమోదు కూడా వచ్చి చేరాయి. 1882 మే 18న రిప్పన్ ప్రభువు స్థానిక పరిపాలన మీద తీర్మానం చేశాక, 1884 మద్రాసు చట్టం సభ్యుల్లో నాలుగింట మూడు వంతుల దాకా ఎన్నుకోవచ్చంది. రాజమండ్రిలో న్యాపతి సుబ్బారావు పంతులు గారి లాంటి వకీళ్ళు చైర్మన్లయింది ఆ మార్పు వల్లే. 1878లో మద్రాసులో 'హిందూ' పత్రిక పెట్టిన ఆరుగురు కుర్రవాళ్ళలో ఆయన ఒకరు.

ఇక ఈ పెద్దమనుషులు కూర్చుని మాట్లాడుకున్నదేమిటి? వీధి దీపాలకి కిరసనాయిలు. టోల్ గేటు పాట. సంత గుత్త. బందెలదొడ్డి. శ్మశానానికి స్థలం. మురుగుకాలవ. చెత్త బండ్లు, వాటిని లాగే ఎద్దులు. పన్ను ఎక్కువేశారని అర్జీలు. టీకాలు వేసేవాడి జీతం. ఇందులో కావ్యం రాయడానికి పనికొచ్చే వస్తువు ఒక్కటీ లేదు! కానీ నా దృష్టిలో మన హేతువాద చరిత్రలో ఈ చప్పిడి వ్యవహారానికి పెద్ద చోటు ఇవ్వాలి. మనం వీరేశలింగం గారిని, వితంతు వివాహాలని తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా. మురుగుకాలవని మాత్రం మరిచిపోతాం.

మశూచి వస్తే అమ్మవారు పోసిందనేవారు. కలరా వస్తే మరిడమ్మ. జాతర చెయ్యడం, పొలిమేర దాకా అమ్మవారిని సాగనంపడం, అదీ వైద్యం. అవతలి ఊరివాడికి జబ్బు అంటించి వచ్చామని వీళ్ళకి తెలియదు. సరిగ్గా ఆ ఊళ్ళోనే మునిసిపల్ గుమాస్తా ఒక రిజిస్టరు పెట్టుకుని కూర్చున్నాడు. అందులో చావుకి గడులు ఉన్నాయి. కలరా, మశూచి, జ్వరాలు, కడుపు జబ్బులు, గాయాలు, ఇతరాలు. అమ్మవారి ఆగ్రహం అనే గడి లేదు. గుమాస్తా నాస్తికుడేమీ కాదు, సాయంత్రం తనూ జాతరకి వెళ్ళి ఉంటాడు. కానీ అంకెలు పక్కపక్కన పడ్డాక ఒక ప్రశ్న తప్పదు. ఈ పేటలోనే ఎందుకు ఎక్కువమంది చచ్చారు? ఆ పేట తాగే చెరువు ఏది? 1854లో లండనులో జాన్ స్నో అడిగింది కూడా ఈ ప్రశ్నే. ఆయన వేలు ఒక నీటి పంపు మీదికి పోయింది.

మూఢత్వం మనవాళ్ళ సొత్తే అనుకుంటే పొరపాటు. భారత ప్రభుత్వ శానిటరీ కమిషనరు కన్నింగ్‌హామ్ దొర కలరా ఒకరి నుంచి ఒకరికి అంటదని ఏళ్ళ తరబడి పట్టుబట్టాడు. అంటుతుందంటే ఓడలని ఆపాలి, వ్యాపారం దెబ్బతింటుంది. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తా చెరువు నీళ్ళలో ఆ క్రిమిని పట్టి చూపించినా దొరలు వెంటనే ఒప్పుకోలేదు.

ఆ కౌన్సిళ్ళని నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. ఓటు పన్ను కట్టే కొద్దిమందికే. పాకీ పని చేసే కులాలవాళ్ళు ఊరంతా శుభ్రం చేసేవారు, బల్ల దగ్గర కుర్చీ మాత్రం వాళ్ళకి లేదు. దీపాలు ముందు పెద్దమనుషుల వీధుల్లోనే వెలిగేవి. చీరాల, పేరాల గ్రామాలని కలిపి 1919లో మునిసిపాలిటీ చేస్తే పన్నులు నాలుగు వేల నుంచి నలభై వేలయ్యాయి. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట, పదిహేను వేల మందిలో సుమారు పదమూడు వేలు ఊరే ఖాళీ చేసి, రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని పాకల్లో పదకొండు నెలలు గడిపారు. అది చేసినవాళ్ళ మీద నాకు గౌరవమే. వాళ్ళు కాదన్నది దీపాన్నీ కాలవనీ కాదు, తమని అడక్కుండా నెత్తిన పెట్టిన పన్నుని.

ఇప్పుడు నోయిడాకి వద్దాం. దేశంలో సహజంగా సోకిన చివరి మశూచి కేసులు 1975లో కనబడ్డాయి. నోయిడా పుట్టింది ఆ మరుసటి ఏడు. అమ్మవారు వెళ్ళిపోయాక పుట్టిన ఊరన్నమాట. శకునం మాత్రం వెళ్ళలేదు.

1988 జూన్‌లో ముఖ్యమంత్రి వీర్ బహదూర్ సింగ్ నోయిడా వచ్చి వెళ్ళిన కొద్ది రోజులకే పదవి పోయింది. ఆయన తరవాతి ముఖ్యమంత్రి నారాయణ్ దత్ తివారీ కూడా వచ్చారు, 1989లో ఆయన పదవీ పోయింది. ఇక అంతే! నోయిడాలో కాలు పెడితే కుర్చీ పోతుందని లక్నోలో ఖాయమైపోయింది. 2011 అక్టోబరులో మాయావతి వచ్చి దళిత ప్రేరణా స్థల్ ప్రారంభించారు, 2012లో ఓడిపోయారు. నమ్మకం ఇంకా బిగిసింది. తరవాతి ముఖ్యమంత్రి అఖిలేశ్ యాదవ్ ఆస్ట్రేలియాలో చదివిన ఇంజనీరు. 2012 ఆగస్టులో యమునా ఎక్స్‌ప్రెస్ వేని లక్నోలో కూర్చునే ప్రారంభించారు. ముఖ్యమంత్రిగా నోయిడా గడప తొక్కలేదు. అయినా 2017లో ఓడిపోయారు! ఆదిత్యనాథ్ 2017 డిసెంబరులో వచ్చారు, 2022లో మళ్ళీ గెలిచారు. కాషాయం కట్టిన యోగి చేతిలో ఒక మూఢనమ్మకం పోవడం చూసి నవ్వుకున్నాను. మంచి పని ఎవరు చేసినా మంచి పనే.

అసలు లెక్క ఇది. 1988 నుంచి 2007 దాకా ఉత్తరప్రదేశ్‌లో ఒక్క ముఖ్యమంత్రీ వరసగా అయిదేళ్ళు కుర్చీలో లేరు. 1985 తరవాత 2022 దాకా ఏ పార్టీ వరసగా రెండోసారి గెలవలేదు. అలాంటి రాష్ట్రంలో కాన్పూరు వెళ్ళినా పోయేది, కాశీ వెళ్ళినా పోయేది. పోయినవాళ్ళలో నోయిడా వచ్చినవాళ్ళనే లెక్కపెట్టి, రాకుండా పోగొట్టుకున్నవాళ్ళని ఎవరూ లెక్కపెట్టలేదు. మునిసిపల్ గుమాస్తా అన్ని చావులూ రాశాడు గనక అతని రిజిస్టరు పనికొచ్చింది. వీళ్ళు తమకి కావలసిన చావులే రాసుకున్నారు.

వేరే ఊళ్ళో అయితే ఇది నవ్వుకుని వదిలేసే సంగతి. ఇక్కడ అలా కాదు. అథారిటీ పెద్దలని వేసేది లక్నో. వార్డు మెంబరు లేడు, మేయరు లేడు. అంటే ఈ ఆఫీసుని నడిపించే అధికారం ఉండి, ఓటుకి జవాబు చెప్పాల్సిన మనిషి ఒక్క ముఖ్యమంత్రే. ఆయనకి ఈ ఊరు అపశకునం!

మరి అనుమానం వచ్చినవాళ్ళు ఎక్కడ అడగాలి? సూపర్‌టెక్ జంట టవర్ల సంగతే చూడండి. అక్కడి నివాసులు 2012లో అలహాబాద్ హైకోర్టుకి వెళ్ళారు. బిల్డరు, అథారిటీ అధికారులు కుమ్మక్కయ్యారని సుప్రీంకోర్టు 2021 ఆగస్టు 31న తీర్పు చెప్పింది. 2022 ఆగస్టు 28న కూల్చారు. కౌన్సిలర్లున్న ఊళ్ళలో అక్రమ అంతస్తులు లేవవా అంటే లేస్తాయి, కొన్ని కౌన్సిలర్లవే! కానీ అక్కడ సమావేశంలో లేచి నిలబడి ఫైలు చూపించమనడానికి ఒక ప్రతిపక్ష సభ్యుడు ఉంటాడు. ఇక్కడ ఆ పనికి లాయరు కావాలి. 2025 ఆగస్టులో, భూమి పరిహారాల మీద దర్యాప్తు బృందం ఇచ్చిన నివేదిక చూశాక, నోయిడాని మెట్రోపాలిటన్ కార్పొరేషన్ చేసే ప్రతిపాదనని మంత్రివర్గం ముందు పెట్టమని సుప్రీంకోర్టే రాష్ట్ర ప్రభుత్వానికి చెప్పాల్సివచ్చింది.

ఇదంతా బావగారికి రెండు పూటలు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని "మా ఊరు నయమోయ్" అన్నారు. అప్పుడు నేనడిగాను, మరి మీ కార్పొరేటరు ఎవరండీ అని. 2014లో ఎన్నికైన వాళ్ళ గడువు 2019లో అయిపోయింది. 2021 మార్చిలో రాష్ట్రమంతా మునిసిపల్ ఎన్నికలు జరిగినప్పుడు రాజమండ్రిలో జరగలేదు. బావగారు కాసేపు ఆలోచించి, పాత కార్పొరేటరు పేరు చెప్పారు.