మా ఆవిడ వాటా రాయండి

తణుకు కోర్టుకి దగ్గర్లో మేడ మీద గది. మీరు గోడవార బెంచీ మీద కూర్చున్నారు. ఫ్యాను గాలికి కాగితాలు లేస్తుంటే లాయరు గారు వాటి మీద లావుపాటి పుస్తకం పెట్టారు. ఎదురుగా వీలునామా రాయించుకోవడానికి ఇరగవరం వైపు నుంచి వచ్చిన రైతు, డెబ్భై దాటిన మనిషి. పక్కన భార్య, ఒళ్ళో చేతిసంచీ. అందులోంచి పాసుపుస్తకాలు, అన్నదమ్ముల పంపకాల దస్తావేజు, ఆధార్ జెరాక్సులు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి.

"మొత్తం ఎంత బాబాయి గారూ?"

"ఆరున్నరెకరాలమ్మా. మూడు మా తాతల నాటిది. మూడున్నర నేను కొన్నది."

లాయరు గారు తెల్లకాగితం మీద నిలువుగా గీత గీశారు. ఎడమన పిత్రార్జితం, కుడిన స్వార్జితం. కుడివైపుది ఆయన ఎవరికైనా రాసుకోవచ్చు. ఎడమవైపు మాత్రం తన వాటా వరకే. అందులో కొడుకులిద్దరితో పాటు కూతురికీ పుట్టుకతోనే హక్కుంది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో పెళ్ళికాని ఆడపిల్లలకి ఇచ్చిన ఆ హక్కుని 2005లో కేంద్రం కూతుళ్ళందరికీ ఇచ్చింది.

"అమ్మాయికి పెళ్ళిలోనే ఎకరం పసుపు కుంకుమ కింద ఇచ్చేశామమ్మా."

"కాగితం?"

"కాగితమేవుంది, అల్లుడుగారే చేసుకుంటున్నారు."

"అది ముందు తేల్చాలండి," అని ఎర్ర సిరాతో రాసుకున్నారు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "నేను కొన్నదాంట్లో రెండెకరాలు మా ఆవిడ బతికున్నన్నాళ్ళు తినాలి. ఆవిడ తర్వాత మగపిల్లలిద్దరికీ చెరిసగం."

కలం ఆగింది. గోదావరి జిల్లాల వీలునామాల్లో తరచూ కనపడే మాట ఇదే. ఇదే కోర్టుకీ ఎక్కుతుంది. భర్త పోయిన తులశమ్మ అనే ఆవిడకి 1949లో మనోవర్తి కింద రాజీలో కొంత ఆస్తి దక్కింది, జీవితాంతం అనుభవించడమే తప్ప అమ్మకూడదన్న షరతుతో. పోషణ హక్కు ఆవిడకి ముందునుంచే ఉంది కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ కింద ఆ ఆస్తి పూర్తిగా ఆవిడదేనని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే వీలునామాలో పెట్టిన షరతు కొన్ని కేసుల్లో నిలిచింది, కొన్నిట్లో నిలవలేదు. 2024 డిసెంబరులో ఈ చిక్కుని పెద్ద ధర్మాసనానికి నివేదించారు. ఈ అనిశ్చితిలోకి ఓ ముసలావిడని నెట్టడం అన్యాయం. ఊడ్పుల దగ్గర్నుంచి కుప్పనూర్పుల దాకా ఆ పొలంలో ఆవిడ కష్టం కూడా ఉంది.

"పిన్నిగారూ, మీరేమంటారు?"

ఆవిడ మొగుడి వంక చూడలేదు. "నా పేరునే రాసెయ్యమనండి. నా తర్వాత ఎవరికివ్వాలో నేను చూసుకుంటాను."

కాసేపు ఫ్యాను చప్పుడే. "ఆయ్, అలాగే రాయండి," అన్నాడాయన. "మా ఆవిడ వాటా సర్వహక్కులతో రాయండి."

ఇక పని చకచకా సాగింది. స్టాంపు కాగితం అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయిద్దామన్నారు. తణుకులో హిందువులు ప్రొబేట్ కోసం తిరగనక్కర్లేదు గానీ, రేపు ఎవరైనా తగాదా పడితే వీలునామాని కోర్టులో రుజువు చెయ్యాల్సిందే.

"పిల్లలకి ఇప్పుడే తెలిసిపోతుందామ్మా?"

"ఈసీ తీసినా కనపడదండి. వీలునామాలకి 3వ పుస్తకం వేరే ఉంటుంది. మీరుండగా నకలు మీకో, మీరు అధికారమిచ్చిన మనిషికో తప్ప ఇవ్వరు. మనసు మారితే రద్దుచేసి మళ్ళీ రాసుకోవచ్చు. సాక్షులెవరు?"

"మా బావమరిది."

"వయసు?"

"డెబ్భై మూడు."

"మీ తర్వాత బోనెక్కి, ఈయన సంతకం చెయ్యగా నేను చూశాను, ఈయన ఎదుటే నేనూ చేశాను అని చెప్పగలిగే వాళ్ళు కావాలి బాబాయి గారూ. ఆస్తి పుచ్చుకునేవాళ్ళు వద్దు. ఇద్దరు కావాలి. లోపల ఏం రాశామో వాళ్ళకి చెప్పక్కర్లేదు."

పెద్దాయన ఆలోచిస్తుంటే భార్యే అందుకుంది. "సొసైటీలో పనిచేసే కుర్రాడున్నాడు కదా. ఇంకొకరు పక్కింటి టీచరుగారు."

"గురువారం పొద్దున్నే తీసుకురండి," అని లాయరు గారు కలం మూత పెట్టారు.