శాసనమునకు పునాది మతమా, న్యాయమా?



దైవభక్తి లేనివాడు నీతిగా నడువగలడా యనియు, శాసనములు చేయువారు మతమును ప్రక్కనుంచినచో దేశము చెడిపోదా యనియు మన తోటలలోని పెద్దలు పలుమారు చర్చించుకొనుచుందురు. ఈ ప్రశ్న పండితులకు మాత్రమే విడువదగినది కాదు. మన పూర్వులు ఏ చట్టముల క్రింద చెఱకు నఱికిరో, వారి వివాహములు ఒకనాడు ఏ తీర్పువలన చెల్లకపోయెనో, ఆ చరిత్రలోనే దీనికి తగిన యుత్తరము దొరకును.

దీనినిగూర్చి లోకమున రెండు పక్షములు గలవు. మతమే నీతికి తల్లి యనియు, అది లేక శాసనము నిలువజాలదనియు ఒకరు చెప్పుదురు. మతమువలననే అన్యాయములు ప్రబలెనని వేరొకరు చెప్పుదురు. జరిగిన సంగతులను వరుసగా చూచినచో ఈ రెండు మాటలును సగము సత్యములే యని తెలియును.

మొదట బానిసత్వమును తీసికొందము. ఏలయనగా బానిసలు విడుదల పొందిన పిమ్మటనే వారి స్థానమున పనిచేయుటకు మనదేశమునుండి ఒడంబడిక కూలీలను తోటలకు విరివిగా తెప్పింపసాగిరి. ఆంగ్లదేశమున విల్బర్‌ఫోర్సు, క్లార్క్‌సను మొదలగు భక్తులు అనేక సంవత్సరములు పాటుపడగా, 1807లో బానిసల వ్యాపారమును, 1833లో బానిసత్వమును శాసనముచే నిషేధించిరి. వారి యోపికకు వారి భక్తియే ఆధారమనుట నిజము. అయితే బానిసల యజమానులును ఆ దేవునికే మ్రొక్కుచుండిరి. సువార్త ప్రచారమునకై లండనులో స్థాపింపబడిన సంఘమొకదానికి బార్బడోసు ద్వీపమున కాడ్రింగ్టను అను చెఱకుతోట యుండెను. ఒక దాత మరణశాసనమువలన 1710లో సంక్రమించిన ఆ తోటలో, తొలికాలమున బానిసల రొమ్ములమీద ఆ సంఘము పేరు కాల్చి ముద్రవేసిరి. విడుదల సమయమున ప్రభుత్వము యజమానులకు 2 కోట్ల పౌనులు నష్టపరిహారముగా నిచ్చెను. ఆ సంఘమునకును 8,000 పౌనులకు పైగా ముట్టెను. బానిసలకు ఒక్క పెన్నీయైనను దక్కలేదు. 2006లో ఇంగ్లండు క్రైస్తవ సంఘపు మహాసభ ఈ పాపమునుగూర్చి క్షమాపణ చెప్పెను. ఒకే గ్రంథమును చదివి ఒకడు సంకెల విప్పెను, మరియొకడు సంకెల బిగించెను.

ఇక నేటాలు సంగతి చూతము. 1860 నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ అను ఓడ చెన్నపట్టణమునుండి దర్బను రేవు చేరెను. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది ఒడంబడిక కూలీలు ఆ దేశమునకు వచ్చిరి. అందు రమారమి మూడింట రెండు వంతులవారు చెన్నపట్టణపు రేవున ఓడయెక్కిన అరవవారును తెలుగువారును. మొదటి సంవత్సరము నెలకు 10 షిల్లింగులు జీతము. ఒడంబడిక తీరినవారు మరల ఒడంబడికలో చేరవలెను, లేదా స్వదేశమునకు మరలిపోవలెను; అట్లు గాక స్వేచ్ఛగా నిలిచినచో ఏటేట 3 పౌనులు పన్ను చెల్లింపవలెనని 1895లో శాసనము చేసిరి. అది మొదటి సంవత్సరపు జీతములో ఆరు నెలల కూలి! 1903లో ఈ పన్నును 16 ఏండ్లు దాటిన కుమారులకును, 13 ఏండ్లు దాటిన కుమార్తెలకును వర్తింపజేసిరి. ఆ శాసనసభ్యులలో అధికులు దేవాలయమునకు పోవు క్రైస్తవులే. వారికి మతము లేకపోలేదు. పొరుగువాని స్థానమున తమ్మును నిలుపుకొని చూచు బుద్ధి మాత్రము లేకపోయెను.

అంతకంటెను గొప్ప గాయము 1913 మార్చి 14న తగిలెను. ఒక ముస్లిము గృహస్థుని భార్య దేశములో ప్రవేశించు హక్కునుగూర్చిన వ్యాజ్యెములో కేపు న్యాయస్థానపు న్యాయాధిపతి సర్లు తీర్పు చెప్పుచు, బహుభార్యాత్వమును సమ్మతించు మతముల విధిచొప్పున జరిగిన వివాహము, భర్తకు ఒక్కతే భార్య యున్నప్పటికిని, చట్టమునకు వివాహము కాదనెను. దీనివలన హిందువుల, ముస్లిముల పెండ్లిండ్లు సంశయములో పడెను. క్రైస్తవ కుటుంబములను ఆ తీర్పు తాకలేదు. చదువరీ, దీని యర్థమును ఆలోచింపుము! ఒకే లైనులో ప్రక్క ప్రక్క గదులలో కాపురముండిన ఇరువురు స్త్రీలు సమానమైన నమ్మకముతో సంసారము చేసినను, ఒకతె చట్టమునకు ఇల్లాలు, రెండవయామె కాదు. ఆమె బిడ్డలకు తండ్రి ఆస్తిలో హక్కుండునో లేదో యను భయము కలిగెను. నీతి ఇద్దరియందును ఒక్కటే. చట్టము మాత్రము మ్రొక్కుబడినిబట్టి వేరైపోయెను.

అప్పుడు స్త్రీలును సత్యాగ్రహమున దిగిరి. కస్తూరిబాయమ్మ చెఱకు పోయెను. న్యూకాసిలు బొగ్గుగనుల కూలీలు పని మానిరి. పిమ్మట సముద్రతీరపు చెఱకుతోటలవారును మానిరి. 1913 నవంబరు 6న గాంధీగారి వెంట 2,037 మంది పురుషులును, 127 మంది స్త్రీలును, 57 మంది పిల్లలును ట్రాన్సువాలు సరిహద్దు దాటి నడచిరి. వల్లియమ్మ యను అరవ బాలిక చెఱలో జబ్బుపడి, 1914 ఫిబ్రవరి 22న ప్రాణము విడిచెను. ఆ పోరాటమున హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు, పారసీలు కలిసిరి. కాలెన్‌బాకు, పోలకు అను యూదులు చెఱకు పోయిరి. ఆండ్రూసుగారు మనదేశమునుండి వచ్చి సంధికై పాటుపడిరి. వీరందరి మతములు వేరు. అయినను, ఇల్లాలిని ఇల్లాలు కాదనుట అన్యాయమని తెలిసికొనుటకు ఏ ఒక్కరును తమ మతమును విడువవలసిన పని లేకపోయెను. 1914లో చేసిన భారతీయుల ఉపశమన శాసనము 3 పౌనుల పన్నును కొట్టివేసి, ఏకపత్నీ వివాహములకు గుర్తింపునిచ్చెను.

దైవమును నమ్మనివారి మాట యేమి యని యడుగుదురేమో. చార్లెసు బ్రాడ్లా అను ఆంగ్లేయుడు నాస్తికుడు. 1880లో పార్లమెంటుకు ఎన్నికైనను, దేవుని పేర ప్రమాణము చేయు విషయమున కలిగిన తగవుచే 1886 వరకు అతనికి స్థానము దక్కలేదు. ప్రమాణమునకు బదులుగా సత్యవాక్కు పలికి సభలో చేరవచ్చునని 1888లో అతని ప్రయత్నమువలననే చట్టమయ్యెను. పార్లమెంటులో భారతదేశము పక్షమున ఎడతెగక మాటలాడి, 1889లో బొంబాయి కాంగ్రెసుకు వచ్చినవాడు అతడే. 1891లో అతడు మరణింపగా, అప్పుడు లండనులో విద్యార్థిగా నుండిన గాంధీగారు ఆ యంత్యక్రియలకు పోయిరి. అట్టివానికి నీతి లేదని ఎవరనగలరు?

దీనికి ప్రతిగా మరియొక దృష్టాంతము గలదు. 1961లో దక్షిణాఫ్రికా చేసికొనిన రాజ్యాంగము సర్వశక్తుడైన దేవునికి లోబడుచున్నామను వినయవాక్యముతో ప్రారంభమాయెను. అదే ప్రభుత్వము రంగునుబట్టి వివాహములను నిషేధించు 1949 నాటి చట్టమును, జనులను వారి యిండ్లనుండి వెడలగొట్టుటకు సాధనమైన 1950 నాటి చట్టమును అమలు జరుపుచుండెను. మొగసాల దేవుని పేరు వ్రాసినంతమాత్రమున లోపలి యిల్లు న్యాయమైనది కాదు గదా! అయితే ఆ వర్ణభేదమును మతముతో సమర్థించుట మతమునకే విరుద్ధమని 1982లో ఎలుగెత్తి చాటినదియు ఒక క్రైస్తవ సంఘమే. 1996 నాటి రాజ్యాంగము దేవుని కాపుదల వేడుచునే, నమ్మువానికిని నమ్మనివానికిని మనస్సాక్షి స్వాతంత్ర్యమును సమానముగా నిచ్చినది. దానినిబట్టియే ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము 2022 జూను 28న, ముస్లిము వివాహములను గుర్తింపని వివాహచట్టములు రాజ్యాంగవిరుద్ధములని తీర్పు చెప్పెను. సర్లుగారి తీర్పునకును దీనికిని నడుమ 109 సంవత్సరములు గడచెను.

కావున, సహోదరులారా, సహోదరీలారా, భక్తి దీపమువలె మనుష్యుని నడిపింపగలదు. కష్టకాలమున అతనిని నిలుపగలదు. దానిని తేలికగా నెంచకుడి. కాని శాసనము త్రాసువంటిది. అంగడికి వచ్చిన ప్రతివానికి ఒకే తూకము తూచవలెనే గాని, వాడు ఏ గుడికి పోవునో యడిగి రాళ్లు మార్చరాదు. మన సంఘములలోను, పంచాయతీలలోను చిన్న నియమమొకటి చేయునప్పుడైనను, మనము బలహీనులమై, తక్కువ సంఖ్యవారమై, అవతలి ప్రక్క నిలిచియున్నచో దీనిని న్యాయమని యొప్పుకొందుమా యని మొదట అడిగికొందము. మన పూర్వులకు శాసనము చేసినవారు ఈ ప్రశ్న అడిగికొనలేదు. ఆ బాధ యెరిగినవారి సంతతియైన మనము దానిని మరువరాదు.