నాలుగు ముక్కల గారడి – నాలుగు శతాబ్దముల కథ

భోగాపురము విశాఖపట్నము నుండి శ్రీకాకుళము పోవు జాతీయ రహదారి మీది ఊరు. ఈనాడు అటువంటి ఊరిలో ఉన్నత పాఠశాల విద్యార్థి యొకడు పేకముక్కల గారడి నేర్వదలచినచో గురువును వెదకికొని పోనక్కరలేదు. చేతిలోని ఫోనులో ఒక వీడియో చూచును. నాలుగు ముక్కలు తీసికొని అరగంట అభ్యసించును. మరునాడు మధ్యాహ్న విరామమున స్నేహితులను దిగ్భ్రమ పరచును. “ఎట్లు చేసితివిరా?” అని వారడిగిన చెప్పడు. చెప్పకపోవుటకు రెండు కారణములుండవచ్చును. ఒకటి, రహస్యము కాపాడుకొనవలెనను కోరిక. రెండవది, అది ఎందువలన జరిగినదో వానికే తెలియకపోవుట. ఈ వ్యాసము రెండవ కారణమును గురించినది.

ఇట్టి గారడీలకు యాబది రెండు ముక్కల పేక అంతయు అక్కరలేదు. నాలుగు మొదలు పది పన్నెండు ముక్కలు చాలును. చేయుట తేలిక, పట్టుకొనుట కష్టము. ఇవి ఇంతగా వ్యాపించినది ఇటీవలనే. కాని ‘గుట్టు చెప్పవచ్చునా, చెప్పిన ఏమగును?’ అను ప్రశ్న మాత్రము మిక్కిలి పాతది.

మన దేశమున హస్తలాఘవము ఇంటి ఆస్తివలె సంక్రమించెడిది. విజయనగర కాలపు శాసనములలో విప్రవినోదులు అనువారి ప్రస్తావన కలదు. వీరు బ్రాహ్మణ సమూహముల యెదుట వింతలు ప్రదర్శించి సంభావనలు పొందెడి ఇంద్రజాలికులు. ఆ సంభావనలను వారు దేవాలయములకు ధారపోసినట్లు 16వ శతాబ్దపు శాసనములు తెలుపుచున్నవి. సంతలలో బుట్ట, పాము, మామిడి టెంక పెట్టుకొని కూర్చుండు గారడివాని విద్యయు అట్లే తండ్రి నుండి కొడుకునకు వచ్చినది.

పేకముక్కలు మనకు క్రొత్తవి కావు. గంజీఫా ముక్కలను సింధునందలి ఒక ప్రభువునకు పంపినట్లు బాబరు 1527లో తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. తెలంగాణమున నిర్మలలోను, శ్రీకాకుళపు సరిహద్దునకు ఆవలనున్న పర్లాకిమిడిలోను చిత్రకారులు గుండ్రని ముక్కలు తయారు చేసెడివారు. గుడ్డపొరలపై లక్కపూత పూసిన ముక్కలు మందముగా నుండును. రెండు ముక్కలను ఒకటిగా చూపు నేర్పునకు అవి అనుకూలములు కావనుకొందును. మనము చెప్పుకొనబోవు గారడీలకు పలుచని, నున్నని, వెనుకవైపు ఒకే తీరుగానున్న కాగితపు ముక్కలు కావలెను.

గుట్టును అచ్చువేసి బయట పెట్టిన వారిలో మొదట చెప్పదగినవాడు రెజినాల్డ్ స్కాట్. ఇతడు ఇంగ్లండులో కెంట్ మండలమునకు చెందినవాడు. 1563లో ఆ దేశమున మంత్రగత్తెలను శిక్షించుటకు శాసనమొకటి వచ్చినది. ఎవరి ఆవు వట్టిపోయినను, ఎవరి బిడ్డ జబ్బుపడినను ఊరిలోని ఏ బీద ముసలిదానినో పట్టుకొనుట, విచారణ జరుపుట, ఉరితీయుట జరుగుచుండెను. స్కాట్ 1584లో దీనిని ఖండించుచు పెద్ద గ్రంథము ప్రకటించెను. మంత్రశక్తి వలన జరిగినవని జనులు నమ్ము వింతలు మనుష్యుని వ్రేళ్లు చేయగలవని చూపుటకై అందు బంతులు, నాణెములు, పేకముక్కలతో చేయు గారడీల గుట్టును విశదముగా వ్రాసెను. లండనులో నివసించు ఒక ఫ్రెంచి గారడివాని వద్ద తాను వీనిని నేర్చితినని చెప్పి, ఈ విద్యతో పొట్టపోసికొను బీదలకు నష్టము కలుగునేమో యని నొచ్చుకొనెను కూడ. తరువాత ఇంగ్లండునకు రాజైన జేమ్స్ 1597లో స్కాట్ వాదమును ఖండించుచు వేరొక గ్రంథము వ్రాసెను. అనగా పేకముక్కల గుట్టు ఒకప్పుడు రాజులు తర్కించిన విషయము.

ఈ కథ మనకు దూరపుది కాదు. చిల్లంగి పెట్టినారను అనుమానముతో మనుష్యులను కొట్టి చంపిన వార్తలు ఉత్తరాంధ్రపు మన్యము నుండి మన కాలమున గూడ పత్రికలకెక్కినవి. తెలంగాణమున దీనినే బాణామతి యందురు. గోరాగారు 1940లో స్థాపించిన నాస్తిక కేంద్రమువారు, 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదికవారు పల్లెలకు పోయి ‘మహిమ’లను తామే చేసి చూపి, వెనువెంటనే గుట్టు విప్పి చెప్పుట ఇందుకే. 2025లో కీర్తిశేషులైన బి.వి. పట్టాభిరామ్‌గారు తెలుగునాట ఒకే జీవితమున ఇంద్రజాలికులుగాను, మనస్తత్త్వమును గురించి వ్రాసినవారుగాను పేరొందిరి. ఈ రెండు వృత్తులకు గల చుట్టరికము మీద తెలియును.

స్కాట్ చూపినది వ్రేళ్ల నేర్పు. వ్రేళ్లకు పనిలేని గారడీలు గణితజ్ఞుల చేతిలో పెరిగినవి. ఫ్రాన్సు దేశపు బాషే 1612లో ప్రకటించిన వినోద గణిత గ్రంథమున ముక్కలను మూడు వరుసలుగా పేర్చి, తలచిన ముక్కను కనుగొను పద్ధతి కలదు. దానినే జెర్గోన్ అను మరియొక ఫ్రెంచి గణితజ్ఞుడు 1813–14 ప్రాంతమున 27 ముక్కలకు విస్తరించి సూత్రీకరించెను. మన ఇండ్లలో పెద్దలు వేసవి మధ్యాహ్నములందు పిల్లలకు చూపు ఇరవై యొక్క ముక్కల గమ్మత్తు దీని తోబుట్టువే. ఏడేసి ముక్కల మూడు వరుసలు పేర్చి, తలచిన ముక్కగల వరుసను ప్రతిసారి నడుమ నుంచినచో అది మొదట 8 నుండి 14 లోపల, పిమ్మట 10 నుండి 12 లోపల, మూడవసారికి సరిగా 11వ స్థానమున చిక్కును. వల బిగించినట్లు స్థలము తరుగుచు వచ్చును; అంతకుమించి ఇందు మాయ లేదు.

ఇక నాలుగు ముక్కల సంగతి. బాబ్ హమ్మర్ అను అమెరికా దేశపు గారడివాడు 1940లలో ఒక చిత్రమైన నియమమును కనిపెట్టెను. దాని మీద ఆధారపడినదే ఈ క్రింది గారడి. ముక్కలు దగ్గరనున్న పాఠకులు చదువుచు చేయవచ్చును.

నాలుగు ముక్కలను బోర్లాగా ఒకదానిపై ఒకటి పేర్చుడు. అన్నిటికంటె అడుగు ముక్కను చూచి జ్ఞాపకముంచుకొనుడు. పైముక్కను తీసి అడుగున పెట్టుడు. ఇప్పుడు పైకి వచ్చిన ముక్కను అక్కడనే వెల్లకిల త్రిప్పుడు. ఇక మీ ఇష్టము: ఎన్ని ముక్కలనైనను పైనుండి తీసి అడుగునకు కోయవచ్చును, పైరెండు ముక్కలను జంటగా పట్టి ఒక్కసారిగా త్రిప్పి మరల పైనుంచవచ్చును. ఈ రెండు పనులను ఏ వరుసలోనైనను, ఎన్నిసార్లయినను చేయుడు. ఏది బోర్లాగానున్నదో, ఏది వెల్లకిల నున్నదో మీకే తెలియని స్థితి వచ్చిన పిదప పైముక్కను త్రిప్పి అడుగున పెట్టుడు. తరువాతి ముక్కను త్రిప్పకుండ అడుగున పెట్టుడు. మూడవదానిని త్రిప్పి పైననే యుంచుడు. ఇప్పుడు పరచి చూడుడు: మూడు ముక్కలు ఒక తీరుగానుండును, ఒకటి మాత్రము ఎదురు తిరిగియుండును. మీరు జ్ఞాపకముంచుకొన్న ముక్క అదే.

వీడియో ఇక్కడ ఆగిపోవును. ఉపాధ్యాయుడు ఇక్కడ మొదలుపెట్టవలెను. ప్రతి ముక్కకు రెండు గుణములున్నవి: దాని స్థానము బేసియా, సరియా? దాని ముఖము బోర్లాయా, వెల్లకిలయా? బేసి స్థానమున వెల్లకిలనున్నదానిని, సరి స్థానమున బోర్లాగానున్నదానిని ఒక పక్షమందము. తక్కిన రెండు రకములను ఎదుటి పక్షమందము. పైరెండిటిని జంటగా త్రిప్పినప్పుడు మొదటిది రెండవ స్థానమునకు, రెండవది మొదటి స్థానమునకు పోవును. అదే సమయమున రెండింటి ముఖములును మారును. స్థానమును మారెను, ముఖమును మారెను. కావున పక్షము మారలేదు. ఒక ముక్కను కోసి అడుగున పెట్టినప్పుడు నాలుగింటి స్థానములును బేసి నుండి సరికి, సరి నుండి బేసికి మారును. అనగా అందరును ఒకేసారి పక్షము మార్చుకొందురు. ఎవరితో ఎవరున్నారో ఆ పొత్తు చెడదు. మొదట మనము పైముక్కను వెల్లకిల త్రిప్పుటతో మూడు ముక్కలొక పక్షమున, జ్ఞాపకముంచుకొన్నది ఒంటరిగా ఎదుటి పక్షమున చేరినవి. చివర ఒకటి విడిచి ఒకటి త్రిప్పుటతో ఆ పక్షభేదము ముఖభేదముగా బయటపడినది. ఎంత కలిపినను చెక్కుచెదరని ఇట్టి గుణమును గణితజ్ఞులు నిశ్చరము అందురు. బీజగణితమున దీనికి గొప్ప స్థానము కలదు.

దాదాపు అదే కాలమున స్కాట్లండునకు చెందిన అలెక్స్ ఎమ్స్‌లే (1929–2006) వ్రేళ్ల నేర్పును క్రొత్త దారి పట్టించెను. ఇతడు కేంబ్రిడ్జిలో భౌతిక, గణితశాస్త్రములు చదివి, కంప్యూటర్ల రంగమున పనిచేసినవాడు. ఇతని లెక్కింపు 1959లో ఒక నాలుగు ముక్కల గారడితో వెలువడెను. చూచువారికి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ముక్కలు చేతులు మారినట్లే యుండును. నిజమునకు రెండవ లెక్క వద్ద రెండు ముక్కలు ఒక్కటిగా జారును. మొదట లెక్కించిన ముక్క అదే క్షణమున తిరిగి పాత చేతికి వచ్చును. అందుచే ఒక ముక్క రెండుసార్లు కనబడును, మూడవ స్థానమునందలి ముక్క అసలు కనబడదు. లెక్కించునది మన కన్ను కాదు, లయ. తాళము తప్పనంతవరకు కన్ను సందేహింపదు. మరుసటి సంవత్సరమే డై వెర్నన్ గారడి యొకటి ఈ లెక్కింపుతో అచ్చయినది: నాలుగు ఆసులు ఒకదాని తరువాత ఒకటి వానంతట అవే వెల్లకిల తిరిగినట్లు కనబడును. తరువాతి కొద్ది ముక్కల గారడీలలో చాలభాగము ఈ రెండింటి సంతతియే.

ఈ ఎమ్స్‌లేయే పేకను సరిగా సగము చేసి, ఒక ముక్క విడిచి ఒక ముక్కగా కలుపు విధానమును ద్విసంఖ్యామానముతో ముడిపెట్టెను. పైముక్క పైననే మిగులు కలుపును 0 అనియు, అది రెండవదగునట్టి కలుపును 1 అనియు కొనుడు. పైముక్క మీద ఆరు ముక్కలు చేరవలెనన్నచో ఆరును ద్విసంఖ్యగా 110 అని వ్రాసి, ఆ వరుసలోనే మూడుసార్లు కలిపిన చాలును. కంప్యూటరు లెక్కించు భాషయు ఇదే.

పుస్తకమునందు ఎమ్స్‌లే లెక్కింపును వర్ణించుటకు పుటలు పట్టును. చదివినవాడు తప్పుగానే నేర్చుకొనుట కద్దు. 1990లలో అమెరికాలో మైకేల్ అమ్మర్ వంటివారి వీడియో టేపులు, 2005 తరువాత యూట్యూబు ఈ కష్టమును తీర్చినవి. వ్రేలు ఎక్కడ ఉన్నదో ఆపి చూడవచ్చును, పదిమార్లు వెనుకకు త్రిప్పవచ్చును. విప్రవినోదులు ఇంటిలో దాచుకొన్న గురుత్వము నేడు ఊరూరికి దిగివచ్చినది. ఇది గొప్ప లాభమే. కాని కొన్ని వీడియోలలో గారడి చేయునది చేయి కాదు, కత్తిరింపు. మరి కొన్ని, పైన చెప్పినట్లు, చేతి కదలికనిచ్చి కారణము విడిచిపెట్టును. జాతరలో మూడు ముక్కలు పరచి ‘రాణి ఏది?’ అని పందెము కట్టించువాడు కోరునది అట్టి ప్రేక్షకునినే. వాడు ఒక చేతిలో రెండు ముక్కలు పట్టి అడుగుదానిని వేసినట్లు నటించి పైదానిని వేయును. ఆ సంగతి తెలిసినవాడు డబ్బు కట్టడు.

హమ్మర్ గారడిని తరగతిలో చేయువారు నాలుగింటికి బదులు ఆరు ముక్కలతోను, ఎనిమిదింటితోను చేసి చూపవచ్చును. మొదట పక్షములు కుదుర్చుటకు, చివర భేదము బయటపెట్టుటకు ఒకటి విడిచి ఒకటి త్రిప్పవలెనన్నది మరువరాదు. ఐదు ముక్కలతో మాత్రము చెడును. ఒకటవ స్థానమునందలి ముక్క అడుగునకు పోయిన ఐదవదగును. బేసి నుండి మరల బేసికే. తక్కినవన్నియు పక్షము మార్చుకొనగా అదొక్కటి మారక నిలిచిపోవును.