కుమురం భీం ఆసిఫాబాద్ మూడు ముక్కలయ్యే చోటు

2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. వాటిలో ఒకటి కుమురం భీం ఆసిఫాబాద్. పాత కరీంనగర్ నుంచి రాజన్న సిరిసిల్ల విడివడింది. జిల్లాకో ఫోల్డరు పెట్టి ఈ పేర్లే రాసుకుంటే కంప్యూటర్ తెర మీద ఏ చిక్కూ కనబడదు. టెక్స్ట్ ఎడిటర్ ఆ ఫోల్డరులోని ఫైలును ఆదేశాలను చదివి నడిపే షెల్ ద్వారా మరో ప్రోగ్రాముకు అందించబోయినప్పుడే తేడా బయటపడుతుంది. కోట్ గుర్తులు లేకపోతే మొదటి పేరు మూడు మాటలుగా, రెండోది రెండు మాటలుగా విడిపోతుంది. తప్పు పేరుదని చాలామంది అనుకుంటారు. ఎడిటర్‌దేనని నా వాదన. పేరునూ ఆదేశాన్నీ ఒకే వాక్యంగా కుట్టేయడంలోనే ఆ తప్పుంది.

ఈ కుట్టుపని ఎందుకింత కష్టమైందో చరిత్రే చెబుతుంది. యూనిక్స్ 1970ల మొదట్లోనే ఫోల్డర్లను స్లాష్‌తో వేరుచేసింది. 1981 నాటి మొదటి డాస్‌లో ఫోల్డర్లే లేవు. స్లాష్‌ను ఆదేశాల స్విచ్‌లకు వాడేసుకున్నారు. 1983లో డాస్ 2.0 ఫోల్డర్లను తెచ్చేసరికి వాటికి బ్యాక్‌స్లాష్ దక్కింది. యూనిక్స్ షెల్‌లో అదే గుర్తుకు 'తర్వాతి అక్షరాన్ని ఉన్నదున్నట్టు తీసుకో' అని అర్థం. యూనిక్స్‌లో పేరును కాపాడే ఒంటి కోట్ విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌కు మామూలు అక్షరం. ఇక విండోస్ 95 ఫైలు పేర్లలో ఖాళీలను మామూలు సంగతి చేసింది. రెండు లోకాల్లోనూ బతకాల్సిన ఎడిటర్లు తలో దారి వెతుక్కున్నాయి. ఈమాక్స్ తన లోపల అంతటా స్లాష్‌నే ఉంచుకుంది. విమ్ ఏ గీత వాడాలో తేల్చే 'షెల్‌స్లాష్' అమరికను, పేరుకు తగిన కోట్ పెట్టే 'షెల్‌ఎస్కేప్' అనే ఫంక్షన్‌ను ఇచ్చింది.

చిక్కంతా తెలుగు లిపి వల్లేననే మాట నిలవదు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యుటిఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతికి తొలి పేరులోనే ఫైల్ వ్యవస్థ క్షేమం అన్న భావం ఉంది. అందులో ఏ తెలుగు అక్షరపు బైట్లలోకీ స్లాష్ గానీ బ్యాక్‌స్లాష్ గానీ చొరబడవు. జపనీయుల షిఫ్ట్-జిస్‌లో కొన్ని అక్షరాల రెండో బైటు అచ్చంగా బ్యాక్‌స్లాష్ సంఖ్యే. ఆ బాధ మనకు లేదు. మనకు పడే భారం నిడివిలోనే: ఒక్కో సంకేతానికి మూడు బైట్లు. లినక్స్‌లో ఫైలు పేరుకున్న 255 బైట్ల హద్దులో గుణింతపు గుర్తులు, పొల్లులు కలిపి 85 సంకేతాలే పడతాయి.

ఖాళీలు మానేసి అండర్‌స్కోర్ పెట్టుకోమంటారు కొందరు. సొంత ఫైళ్లకు అది మంచి అలవాటే. కానీ ఎడిటర్ తెరిచేది ఎవరెవరో పేర్లు పెట్టిన ఫైళ్లను. పనిముట్టు కోసం ఊరి పేరు మార్చుకోమనడం న్యాయం కాదు. షెల్‌ను పక్కనబెట్టి, ప్రోగ్రాము పేరునూ ఫైలు పేరునూ విడివిడి మాటల జాబితాగా అందించడమే సరైన దారి. దీనికీ ఒక బలమైన అభ్యంతరం ఉంది: విండోస్ ఆ జాబితాను మళ్లీ ఒకే వరుసగా కలిపి పంపుతుంది, దాన్ని విడదీసుకునే పని అందుకున్న ప్రోగ్రాముది. 2024 ఏప్రిల్‌లో రస్ట్ భాషలో బయటపడిన భద్రతా లోపం ఇక్కడిదే. విండోస్ ఆదేశాలను వరుసగా రాసి ఉంచే బ్యాచ్ ఫైళ్లకు పంపే మాటలకు దాని కోట్ పద్ధతి చాలలేదు. అయితే ఆ లోపం పుట్టింది జాబితాలో కాదు, కింద మళ్లీ జరిగిన కుట్టుపనిలో. రస్ట్ 1.77.2 నుంచి, భద్రంగా కోట్ చేయలేని మాట వస్తే బ్యాచ్ ఫైలును నడపకుండా, లోపమని చెప్పి ఆగిపోతుంది.