మానని పుండ్లు: ఒక వ్యాధి చరిత్ర

శరీరముపై పుండు కనబడగనే పసుపో వేపాకో నూరి కట్టుట మన ఇండ్లలో చిరకాలముగా నున్న అలవాటు. సామాన్యమైన గాయములు కొన్నాళ్లకు మానును. కాని ఎన్ని కట్లు కట్టినను మానని పుండ్లు కొన్ని గలవు. అట్టివానిలో కొన్నింటి మూలము పైచర్మమున గాక, దానికి రక్తము గొనివచ్చు సన్నని నాళములలో నుండును. ఇట్టి పుండ్లను పుట్టించు వ్యాధులలో డెర్మటోమయోసైటిస్ ఒకటి. చర్మమును, కండరములను కలిపి బాధించు ఈ వ్యాధి అరుదైనదే. అయినను దీని చరిత్రను శ్రోతలకు మనవి చేయదలచితిమి.

1863లో జర్మనీ దేశమున ఎర్న్‌స్ట్ వాగ్నర్ అను వైద్యుడు కండరములు వాచి బలము నశించిన ఒక రోగి స్థితిని వర్ణించెను. 1891లో హైన్‌రిక్ ఉన్‌ఫెరిష్ట్ చర్మలక్షణములను గూడ గమనించి వ్యాధికి నేటి పేరు పెట్టెను. కనురెప్పలపై ఊదాచాయ, వ్రేళ్ల కణుపులపై ఎఱ్ఱని పొక్కులు దీనికి గుర్తులైనవి. కాని ఆ కణుపులపైనే, మోచేతులపైనే లోతైన పుండ్లు ఏల పడునో చాలకాలము తెలియరాలేదు.

1966లో బెట్టీ బ్యాంకర్, మారిస్ విక్టర్ అను అమెరికా వైద్యులు ఈ వ్యాధి సోకిన పిల్లలను గూర్చి వ్రాయుచు, చర్మము, కండరములు, ప్రేగులు వీనియందలి చిన్న రక్తనాళములు చెడి మూసికొనిపోవుచున్నవని చూపిరి. రక్తమందని చోట కణజాలము చచ్చి పుండగును. పైకి కనబడు పుండును, ప్రేగులో కనబడని పుండును ఒక్క తల్లి బిడ్డలే యన్నమాట!

చికిత్సా చరిత్రలో మన ఆంధ్రుల పాలు గూడ గలదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నేతృత్వమున అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున ఫోలిక్ ఆమ్లమును ప్రతిఘటించు మందులు తయారైనవి. మెథోట్రెక్సేట్ వానిలో ఒకటి. ఆయన 1948లో గతించిరి. ఇరువది యేండ్లకు, 1968లో, ఆ మందును డెర్మటోమయోసైటిస్‌నందు వాడిన విధమును తెలుపు వ్యాసము లాన్సెట్ పత్రికలో వెలువడెను. కార్టిసోన్ జాతి మందులతోపాటు అది నేటికిని వైద్యుల చేతి ఆయుధమే.

ఇటీవలి కథ మరింత గంభీరమైనది. 2005లో జపాను పరిశోధకులు, కండరబలము తగ్గకయే చర్మలక్షణములు గల రోగుల రక్తమున ఒక ప్రత్యేక ప్రతిరక్షకమును కనుగొనిరి. అది ఎమ్.డి.ఎ.-5 అను ప్రోటీనుపై పనిచేయునదని పిమ్మట తేలెను. ఈ ప్రతిరక్షకము గలవారికి చర్మముపై పుండ్లు, అరచేతిలో నొప్పిగల పొక్కులు తఱచని 2011లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. వీరిలో పలువురకు ఊపిరితిత్తులు గూడ చెడును. కొందరికి వారముల వ్యవధిలోనే శ్వాస ప్రాణాపాయస్థితికి వచ్చును.

కావున ఈ చరిత్ర నేర్పు పాఠ మొక్కటే. ఇట్టి రోగికి కట్టు కట్టుట అవసరమే. కాని కట్టుతో పని ముగియదు. కణుపులపై మానని పుండును చూచిన వైద్యుడు రోగి ఊపిరిని గూడ పరీక్షింపవలెను. "మెట్లెక్కినప్పుడు ఆయాసము వచ్చుచున్నదా?" అని ఇంటివారు అడుగు చిన్న ప్రశ్న ఒక్కొక్కప్పుడు ప్రాణమును నిలుపగలదు.