క్విడ్ ప్రో క్వో

"ఒకదానికి బదులుగా వేఱొకటి" యని యర్థమిచ్చు "క్విడ్ ప్రో క్వో" అను లాటిను పలుకు న్యాయస్థానములందును వార్తాపత్రికలందును దఱచుగా వినబడుచుండును. ఈ పలుకు పుట్టినచోటు వేఱు, పెరిగినచోటు వేఱు. దీని చరిత్రము నెఱిగినచో మన గృహములందలి యొక దురాచారపు లోగుట్టు కూడ దెలియునని మా తలంపు.

ప్రాచీన రోమనులు ఇచ్చిపుచ్చుకొనుటకు వాడిన మాట "డో ఉట్ డేస్". అనగా "నీవిత్తువని నేనిచ్చుచున్నాను" అని. క్రీ. శ. 533లో జస్టీనియను చక్రవర్తి ప్రకటించిన ధర్మసంగ్రహమున, పౌలసను న్యాయవేత్త చెప్పిన నాలుగు తెఱంగులు గలవు: ఇచ్చుటకై ఇచ్చుట, చేయించుటకై ఇచ్చుట, పుచ్చుకొనుటకై చేయుట, చేయించుటకై చేయుట.

"క్విడ్ ప్రో క్వో" మాత్రము మందుల యంగడిలో బెరిగినది. వైద్యుడు చెప్పిన మూలిక దొరకనపుడు దాని స్థానమున దేనిని వాడవచ్చునో తెలుపు పట్టికలకు మధ్యయుగపు యూరోపులో నీ పేరుండెను. మన యాయుర్వేదమందలి ప్రతినిధిద్రవ్యములిట్టివే. పొరపాటుననో లాభాపేక్షచేతనో యొక మందునకు మాఱుగా వేఱొకటి యిచ్చుటకును నీ పేరే వచ్చెను. ఫ్రెంచివారు నేటికిని నొకదానిని మఱియొకటిగా భ్రమించుటను "కిప్రొకో" యందురు. ఇంగ్లాండులో మాత్రము సరికి సరియగు మారకమను నర్థము స్థిరపడెను.

ఆంగ్లధర్మశాస్త్రమందలి యీ భావమే 1872వ సంవత్సరపు ఒడంబడికల చట్టముద్వారా మనకు "ప్రతిఫలము"గా సంక్రమించినది. ప్రతిఫలములేని యొడంబడిక చెల్లదని యా చట్టపు 25వ సెక్షను. అయినను సమీపబంధువులు సహజప్రేమచేత వ్రాసియిచ్చి రిజిస్టరు చేయించిన మాట ప్రతిఫలము లేకున్నను జెల్లును. బేరమునకే పుట్టిన చట్టము సయితము ప్రేమ బేరము కాదని గుర్తించుట గమనింపదగినది.

మఱి వివాహమో? 1897లో అచ్చుపడిన గురజాడవారి "కన్యాశుల్కము" నాటికి ధనము వరునినుండి కన్యతండ్రికి బోవుచుండెను. పిమ్మట నది కన్యయింటినుండి వరునియింటికి మఱలినది. దిక్కు మాఱెనే కాని బేరము మాఱలేదు.

1958లో ఆంధ్రప్రదేశమున నొక వరకట్ననిషేధచట్టము వెలసెను. 1961వ సంవత్సరపు కేంద్రచట్టము దానిని రద్దుచేసి దేశమున కొక్క చట్టమును జేసెను. కాని యందు వివాహమునకు "ప్రతిఫలముగా" నిచ్చినదే కట్నమని నిర్వచించిరి. పెండ్లినాటి నగదు, నగలు, వస్త్రములు ప్రతిఫలముగా నిచ్చినవైననే తప్ప కట్నము గావని వివరణము గూడ జేర్చిరి. అంగటిలో సొమ్మునకు సరకెట్లు ప్రతిఫలమో, యట్లు పిల్లవాని కీ పైకము ప్రతిఫలమని రుజువుచేయవలసివచ్చెను. ఇట్టి బేరమునకు బత్రము వ్రాసికొను వారెవరు? పుచ్చుకొన్నవారు కానుక యందురు. ఇచ్చుటయు నేరమే గావున నిచ్చినవారును గానుక యనియే యందురు. కన్నబిడ్డ యత్తవారింట నుండగా నోరు విప్పు తండ్రి యెవడు?

1984లో నా వివరణమును దొలగించి, "ప్రతిఫలముగా" ననుటకు మాఱుగా "వివాహసంబంధముగా" ననియు, 1986లో వివాహానంతర మెప్పుడిచ్చినను గట్నమే యనియు సవరించిరి. అడుగకయే యాచారముగా నిచ్చు కానుకలకు మాత్రము జాబితా వ్రాసియుంచు నియమముతో ననుమతి గలదు.

ఇరువదిమూడేండ్లు చట్టమును దుర్బలము చేసిన దొక్క మాట! ఇందు క్విడ్ ప్రో క్వో యొక్క రెండర్థములును గలసినవి. చట్టము సరికి సరియగు మారకమును వెదకుచుండగా, నింటిలో జరిగినది మందులవాని పాతపని: వెలయను సరకును గానుకయను సీసాలో బోసి యిచ్చుట. సీసామీది పేరు మార్చుట శాసనసభ పని. లోపలి సరకును జూచుట మన పని. పెండ్లిమాటలనాడు "మీ ముచ్చట" యని యెదుటివారనినపుడు, ఆ ముచ్చట తీరనిచో సంబంధము నిలుచునా యని యొక్కసారి యడిగి చూతము. నిలువదన్నచో నది కానుక కాదు.