ఓడెక్కిన కంటి పాఠాలు

అమెరికా ఆదాయపు పన్ను చట్టంలో 274వ సెక్షన్ అని ఒకటుంది. వృత్తి ఖర్చుల్లో ఏవి చూపించుకోవచ్చో, ఏవి కూడదో చెప్పే పొడవాటి సెక్షన్ అది. అందులో ఓ మూల విహార నౌకల మీద జరిగే సదస్సుల ప్రస్తావన కంటబడేసరికి నాకు భలే సంబరమేసింది. వృత్తి పాఠాల కోసం ఓడెక్కినవాళ్లు ఏడాదికి 2,000 డాలర్ల దాకా ఖర్చు చూపించుకోవచ్చట. అయితే ఆ ఓడ అమెరికాలో రిజిస్టరైనదై ఉండాలి. అది ఆగే ప్రతి రేవూ అమెరికాదో, అమెరికా ఏలుబడిలోదో కావాలి. రిటర్నుకు రెండు కాగితాలు జతచేయాలి. మొత్తం ఎన్ని రోజుల ప్రయాణం, రోజుకు ఎన్ని గంటలు పాఠాలకు పోయాయి అన్నది వెళ్లినవారు సంతకం పెట్టి ఇవ్వాలి. ఫలానావారు ఇన్ని గంటలు కూర్చున్నారని నిర్వాహకులూ సంతకం చేయాలి. నడిసముద్రంలో హాజరుపట్టీ అడిగే చట్టం!

దీని వెనక కథ కోసం వెతికాను. విదేశీ సదస్సుల ఖర్చు ఏడాదికి రెండింటికే అని 1976లో కట్టడి పెట్టారు. 1980లో విహార నౌక సదస్సులకు తలుపే మూసేశారు. మళ్లీ 1983 నుంచి పై షరతులతో కాస్త తెరిచారు. అమెరికా జెండాతో తిరిగే పెద్ద విహార నౌకలు అప్పుడూ తక్కువే. హవాయి దీవుల మధ్య ఇండిపెండెన్స్, కాన్‌స్టిట్యూషన్ తిరిగేవి. ఇప్పుడు ఆ దీవుల చుట్టూ ప్రైడ్ ఆఫ్ అమెరికా తిరుగుతోంది. మిగతా పెద్ద నౌకల్లో చాలావాటిది బహామాస్ జెండానో, పనామా జెండానో.

డాక్టర్లు, లాయర్లు, పళ్ల డాక్టర్లతో పాటు ఈ ఓడలెక్కేవారిలో ఆప్టోమెట్రిస్టులూ ఉన్నారు. మన ఊళ్లలో ఆప్టోమెట్రిస్టు అంటే కళ్లజోడు నంబరు చూసే మనిషిగానే చాలామందికి తెలుసు. అమెరికాలో ఆ వృత్తికి మొదట లైసెన్సు పెట్టింది మిన్నెసోటా రాష్ట్రం, 1901లో. చాలాకాలం వాళ్ల చేతిలో ఉన్నవి అద్దాలే, మందులు కావు. 1971లో రోడ్ ఐలండ్ రాష్ట్రం పరీక్ష కోసం కంట్లో చుక్కలు వేసే హక్కు ఇచ్చింది. 1976లో వెస్ట్ వర్జీనియా మందుతో వైద్యం చేసే హక్కూ ఇచ్చింది. తక్కిన రాష్ట్రాలు ఒక్కొక్కటే వెంట నడిచాయి. అద్దాల లెక్కలు చదువుకుని స్థిరపడ్డ నడివయసువాళ్లు మళ్లీ పుస్తకం పట్టి నీటికాసులు, మందుల గుణాలు, వాటి దుష్ఫలితాలు నేర్చుకోవలసి వచ్చింది. లైసెన్సు రెన్యూవల్‌కి గంటల లెక్క ముఖ్యమైంది. కాలిఫోర్నియాలో మందులు రాసే హక్కున్నవారికి రెండేళ్లకు 50 గంటలు. ఈ లెక్కలో 50 నిమిషాల పాఠాన్ని ఒక గంట కింద కడతారు.

కంటి పనివాళ్ల మీద నిఘా ఇంతకంటే చాలా పాతది. లండన్ కళ్లద్దాల తయారీదారుల సంఘానికి 1629లో ఒకటో చార్లెస్ రాజు పట్టా ఇచ్చాడు. 1671లో ఆ సంఘం 22 డజన్ల నాసిరకం కళ్లజోళ్లను పట్టుకుని, కానన్ వీధిలోని లండన్ రాయి మీద పెట్టించి, సుత్తితో ముక్కలు చేయించింది. చూపు విషయంలో రాజీ కూడదన్న పట్టుదల నాకు ఆ సుత్తిలో కనిపిస్తుంది. లైసెన్సు కోసం పాఠాల గంటలు అడిగేదీ దాని కోసమే.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటికి వస్తాను. 1926 సెప్టెంబరు 18న న్యూయార్క్ ఎదుటి హోబొకెన్ రేవు నుంచి రిండామ్ అనే డచ్చి ఓడ బయల్దేరింది. సుమారు 500 మంది విద్యార్థులు, వాళ్లతో పాటు అధ్యాపకులు. ఆలోచన న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చెప్పే జేమ్స్ లాఫ్‌ది. లోకాన్ని కళ్లారా చూస్తూ చదివితేనే చదువు ఒంటబడుతుందని ఆయన నమ్మకం. తీరా ఓడ కదిలే వేళకు విశ్వవిద్యాలయం చేతులు దులుపుకుంది. అయినా ఆగలేదు. మాజీ కళాశాలాధ్యక్షుడు చార్లెస్ థ్వింగ్ పెద్దగా వచ్చాడు. కాన్సస్ మాజీ గవర్నరు హెన్రీ ఆలెన్ పత్రికారచన నేర్పాడు. ఓడలోనే బిన్నకిల్ అని ఒక పత్రిక అచ్చయింది.

పనామా కాలువ, హవాయి, జపాన్, చైనా, సయాం, ఈజిప్టు, ఇటలీ. ఒక్కో రేవులో దిగడం, చూడడం, మళ్లీ ఓడెక్కి పాఠాల్లో కూర్చోవడం. సయాం రాజు దర్శనం ఇచ్చాడు. రోములో పోపునీ, ముస్సోలినీనీ చూశారు. ఇంటి దగ్గర పత్రికలకు మాత్రం రుచించింది కుర్రకారు తాగిన కబుర్లు, ప్రేమ కబుర్లు. మద్యనిషేధం అమల్లో ఉన్న దేశం నుంచి వెళ్లిన పిల్లలు పరాయి రేవుల్లో దిగితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఆ అల్లరి శీర్షికల కింద అసలు ప్రయత్నమే కప్పబడిపోవడం అన్యాయం. 1927 మేలో ఓడ తిరిగొచ్చింది. ఏడు నెలలకు పైగా గురువులు, శిష్యులు ఒకే బల్ల దగ్గర తిని, ఒకే తుఫానుకు తూలి, ఒకే ఊరిని చూసి దాని మీద వాదించుకున్నారు. ఏ తరగతి గది ఇవ్వగలదు ఇంత?

తర్వాతి ముప్పై ఆరేళ్లు గబగబా దాటేస్తాను. 1963లో సప్తసముద్రాల విశ్వవిద్యాలయం పేరుతో అదే ఆలోచన లేచింది. నౌకావ్యాపారి సి.వై. తుంగ్ ఇంకా పెద్ద కల కన్నాడు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రయాణికుల ఓడ క్వీన్ ఎలిజబెత్‌ను 1970లో కొని, తేలే విశ్వవిద్యాలయంగా మార్పించసాగాడు. పని ముగింపుకొచ్చాక 1972 జనవరి 9న హాంకాంగ్ రేవులో నిప్పంటుకుని అది ఒరిగిపోయింది. ఆ శిథిలాన్ని 1974 నాటి జేమ్స్ బాండ్ సినిమా ‘ద మ్యాన్ విత్ ద గోల్డెన్ గన్’లో చూడొచ్చు. తుంగ్ మాత్రం వదల్లేదు, యూనివర్స్ క్యాంపస్ అనే చిన్న ఓడతోనే చదువు సాగించాడు.

వృత్తి పాఠాలు ఓడెక్కాక రేవుకూ పాఠానికీ ఉన్న ముడి తెగింది. ఓడ రేవులో ఆగని రోజుల్లో, తెరలు దించిన హాల్లో స్లైడ్లు. రేవు వచ్చిన రోజు సెలవు. స్లైడు మీది రెటీనా బొమ్మ డల్లాస్ హోటల్లో చూసినా అదే, కరీబియన్ మధ్యలో చూసినా అదే. గంటలు లెక్కించడం తప్పనను, రోగి కంటికి అది రక్ష. కానీ రోజంతా చీకటి గదిలో ఒంటరిగా పరీక్షలు చేసే చిన్న ఊరి ఆప్టోమెట్రిస్టుకు, రాత్రి భోజనాల దగ్గర పక్కవాడు చెప్పే కేసు ఏ ఫారంలోనూ ఎక్కదే! అది నాకు బాధగానే ఉంది.

ఓడకే చెందిన పాఠం ఒకటైనా ఉంది. ఓడ కుదుపుకు వాంతులు రాకుండా చెవి వెనక అంటించుకునే చిన్న పట్టీలో స్కోపలమైన్ ఉంటుంది. వినాయకచవితి పత్రిలో మనం వాడే ఉమ్మెత్తలో ఉండే మందే అది. పట్టీ సర్దుకున్న వేలితో కన్ను నులుముకుంటే ఆ ఒక్క కంటిపాప పెద్దదై, దగ్గరి చూపు మసకబారుతుంది. అద్దంలో చూసుకున్నవాళ్లకు గుండె ఝల్లుమంటుంది, ఎందుకంటే మెదడులో రక్తనాళం ఉబ్బి నరాన్ని నొక్కినా ఒక కంటిపాప అలాగే పెద్దదవుతుంది. తేడా పట్టాలంటే ముందు పట్టీ సంగతి అడగాలి, కనురెప్ప వాలిందా, కన్ను అన్ని వైపులా తిరుగుతోందా చూడాలి. ఆ తర్వాత ఒక శాతం పైలోకార్పైన్ చుక్క. నరం దెబ్బతిన్న కంటిలో పాప ముడుచుకుంటుంది. మందు అంటిన కంటిలో ముడుచుకోదు. ఓడ మీది తరగతులు ఈ పాఠంతో, పట్టీ వేసుకున్న మనుషుల మధ్యనే మొదలవ్వాలని నా కోరిక.